మిలిటరీ జీపు అసలుదా, అతుకులదా? ఇంజన్, సామాను పట్టి చూసే పద్ధతి

కనిగిరి, పామూరు, ఉదయగిరి వైపు పల్లెల్లో రేకుల షెడ్డు కింద పాత జీపు కనబడిందంటే, బేరం మొదలవకముందే ఒక మాట వినబడుతుంది: "రెండో ప్రపంచ యుద్ధం బండి సార్, మిలిటరీ డిస్పోజల్." అంటే సైన్యం వాడి అమ్మేసిందని. ఆ మాట నిజమయ్యే బళ్లు తక్కువ. ఎక్కువ భాగం మహీంద్రా వాళ్లు ఇక్కడే తయారుచేసిన సీజే 3బీ అనే మోడల్ బళ్లు. లేకపోతే మూడు నాలుగు బళ్ల సామాను కలిపి కట్టినవి. చెప్పేవాడు అబద్ధమాడుతున్నాడని కాదు, వాళ్ల నాన్న ఆయనకు అలాగే చెప్పి ఉంటాడు.

"ఒరిజినల్" అన్న ఒక్క మాటను బజార్లో మూడు రకాలుగా వాడతారు. ఒకటి, ఆ మోడల్‌కు సరిపోయే సామాను. రెండు, ఆ కాలంలోనే తయారైన సామాను. మూడు, ఫ్యాక్టరీ నుంచి ఆ బండితోనే వచ్చిన సామాను. రెండో రకం దొరికితే అదృష్టం. మూడో రకం దొరికితే దాని ధరే వేరు. అమ్మేవాళ్లు మొదటి రకాన్ని చూపించి మూడో రకం ధర అడుగుతారు. అందుకని ప్రతి భాగం దగ్గరా ఇది ఈ మూడింట్లో ఏదని అడుక్కుంటూ పోవాలి.

యుద్ధకాలపు జీపు అంటే ముఖ్యంగా రెండే. విల్లీస్ ఎంబీ, ఫోర్డ్ జీపీడబ్ల్యూ. 1941 నుంచి 1945 దాకా విల్లీస్ దాదాపు 3.6 లక్షలు, ఫోర్డ్ దాదాపు 2.8 లక్షల బళ్లు చేశాయి. డిజైన్ ఒకటే, సామాను ఒకదానిది ఇంకోదానికి పడుతుంది. మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది 1947లో. ఆ తర్వాతవన్నీ సీజే వరుస, అంటే మిలిటరీకి కాక మామూలు జనానికి చేసినవి. ఎంబీ, సీజే 2ఎ, 3ఎ, 3బీ అన్నింటికీ ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా దూరం 80 అంగుళాలే, కాబట్టి టేపు పెట్టి కొలిచి ఇది మిలిటరీదని తేల్చలేం.

స్టీరింగు ఎడమవైపు ఉండటమూ సాక్ష్యం కాదు. మహీంద్రా జీపులు కూడా చాలాకాలం ఎడమ స్టీరింగుతోనే వచ్చాయి. వెనక రేకు మీద "లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్" అని రాసుకుని తిరిగిన బళ్లు మన రోడ్ల మీద అందరూ చూసినవే.

వెంట తీసుకెళ్లాల్సినవి

ఇత్తడి తీగెల బ్రష్, లీటరు కిరసనాయిలు, పాత గుడ్డలు, సుద్దముక్క, పలచటి తెల్ల కాగితాలు, మెత్తటి పెన్సిల్, టార్చి, చేతి అద్దం, చిన్న అయస్కాంతం, టేపు, జాకీ, కంప్రెషన్ గేజీ. గ్రైండరు, ఎమరీ కాగితం మాత్రం దగ్గరకు రానివ్వొద్దు. నంబరున్న చోట ఎమరీ రుద్దితే ఫ్యాక్టరీ గీతలు పోతాయి. రేపు మీ బండి మీదే అనుమానం వస్తుంది.

చాసీ ముందు

చాలామంది బానెట్ ఎత్తి ఇంజన్ చూస్తారు. అది తలకిందుల పద్ధతి. ఇంజన్ మార్చడానికి ఒక పూట చాలు. బాడీ మొత్తం కొత్తగా దొరుకుతుంది, ఫిలిప్పీన్స్‌లో ఈనాటికీ చేస్తున్నారు. మార్చడం కష్టమైనది చాసీ, అంటే బండిని మోసే కింది ఇనుప చట్రం ఒక్కటే, కాబట్టి బండి పుట్టుక అక్కడ వెతకాలి.

ముందు బంపర్ వెనక, రేడియేటర్ కింద, చాసీ రెండు పొడవాటి పట్టీలను కలిపే అడ్డకడ్డీ ఉంటుంది. మురికి గీకి చేత్తో తడమండి. గొట్టంలా గుండ్రంగా ఉంటే విల్లీస్ ఎంబీ. బోర్లించిన దోనెలా, అంచులు కిందికి దిగి ఉంటే ఫోర్డ్ జీపీడబ్ల్యూ కావచ్చు. గుద్ది బెండైనా, వెల్డింగ్ చేసినా ఈ ఆకారం మారదు. అయితే అడ్డకడ్డీ రెండు చివర్లా రివెట్లకు బదులు బోల్టులో, వెల్డింగ్ ముద్దలో కనబడితే ఆ ముక్క వేరే చాసీ నుంచి వచ్చి ఉండొచ్చు.

తర్వాత నంబరు. ఫోర్డ్ వాళ్లు ఎడమ పట్టీ పైముఖం మీద, ఇంజన్ ముందు భాగానికి దగ్గర్లో, నేరుగా ఇనుము మీదే పంచ్ కొట్టారు. ముందు జీపీడబ్ల్యూ అక్షరాలు, తర్వాత అంకెలు. విల్లీస్ వాళ్లు అలా కొట్టలేదు. బంపర్‌కు కాస్త వెనక, ఎడమ పట్టీ లోపలి ముఖానికి చిన్న రేకు రివెట్ చేశారు. తుప్పు పట్టి ఆ రేకు రాలిపోయిన విల్లీస్ చాసీలు ఎన్నో. రేకు లేని విల్లీస్ చాసీ మీద నున్నగా, కొత్తగా నంబరు పంచ్ కొట్టి ఉందంటే అది ఫ్యాక్టరీ పని కాదు, తర్వాత ఎవరో కొట్టిందే. కొట్టినంత మాత్రాన దొంగ బండి అనుకోనక్కర్లేదు. ఆ నంబరు ఎప్పుడు, ఎవరి అనుమతితో కొట్టారో కాగితం ఉండాలి. అది లేకపోతే బేరం అక్కడే ఆపండి.

పట్టీ లోపలి పక్కన, స్టీరింగ్ బాక్స్ బిగించే చోట రెండు వైపులా చూడండి. ఎడమ పక్క పాత బోల్టు రంధ్రాలను వెల్డింగ్‌తో పూడ్చి, కుడి పక్క గ్యాస్‌తో కోసి కొత్తవి వేస్తే స్టీరింగు మార్చిన బండి. గ్యాస్‌తో కోసిన రంధ్రం అంచు పళ్లు పళ్లుగా ఉంటుంది, డ్రిల్లు వేసింది గుండ్రంగా వస్తుంది. క్వారీల్లో ట్రెయిలర్ లాగిన బళ్లకు వెనక అడ్డకడ్డీ, స్ప్రింగు హ్యాంగర్ల దగ్గర పగుళ్లుంటాయి. అది ఒరిజినల్ సంగతి కాదుగానీ ఖర్చు సంగతి.

ఇంజన్: ముందు జాతి, తర్వాత వయసు, ఆ తర్వాత నంబరు

బానెట్ ఎత్తగానే జాతి తెలిసిపోతుంది. యుద్ధకాలపు ఇంజన్ సైడ్ వాల్వు రకం, అంటే వాల్వులన్నీ పైన హెడ్‌లో కాక కింద బ్లాకులోనే ఉంటాయి. హెడ్ బల్లపరుపుగా పలకలా ఉంటుంది, నాలుగు ప్లగ్గులూ దాని మీద నిలబడి కనబడతాయి. పైన రాకర్ కవర్ ఉండదు. కార్బరేటర్, పొగ బయటికి పంపే సైలెన్సర్ మానిఫోల్డ్ రెండూ బ్లాకుకు ఒకే పక్క. నాలుగు సిలిండర్లు, బోరు 3 1/8 అంగుళాలు, స్ట్రోకు 4 3/8 అంగుళాలు, మొత్తం 134 ఘనపు అంగుళాలు, మన లెక్కలో 2.2 లీటర్లు. 4000 ఆర్‌పీఎం దగ్గర 60 హార్స్‌పవర్.

హెడ్ మీద రాకర్ కవర్ ఉండి, కార్బరేటర్ హెడ్‌కే బిగించి, సైలెన్సర్ మానిఫోల్డ్ మాత్రం కింద బ్లాకుకు ఉంటే అది ఎఫ్ హెడ్ ఇంజన్, సీజే 3బీది. బోరూ స్ట్రోకూ పాతవే. లోపలికి పీల్చే వాల్వులను హెడ్‌లోకి ఎక్కించారు, అందుకే ఇంజన్ ఎత్తు పెరిగింది. ఆ ఎత్తుకు చోటు చాలకే 3బీ బానెట్ అంత ఎత్తుగా పెట్టెలా ఉంటుంది. తక్కువ ఎత్తు బానెట్ కింద ఎఫ్ హెడ్ ఇరికించి ఉంటే బానెట్ లోపలి పక్కన రాసుకున్న గుర్తులో, కోసి అతికిన చోటో దొరుకుతుంది.

డీజిల్ అయితే మిలిటరీ ఒరిజినల్ మాట వదిలేయాల్సిందే. మన వైపు ఎక్కువగా తగిలేవి రెండు. 90 మిల్లీమీటర్ల బోరుతో 2112 సీసీ ప్యూజో ఒకటి, ఇంటర్నేషనల్ బీ 275 ట్రాక్టర్ నుంచి వచ్చిన ఇంజన్ రెండోది. పెట్రోలు భరించలేక చేసిన మార్పులివి, తప్పు పట్టాల్సిందేమీ లేదు. కాకపోతే డీజిల్ ఎక్కించేటప్పుడు చాసీ మీద ఇంజన్ కాళ్లను కోసి వేరేవి వెల్డ్ చేస్తారు. రేపు మీరు అసలు ఇంజన్ తెచ్చినా ఆ కాళ్లు మళ్లీ చేయించుకోవాలి. ధర మాట్లాడేటప్పుడు ఆ లెక్క కూడా వేసుకోండి.

జాతి సరిపోయాక వయసు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, ఎందుకంటే బ్లాకు మీద రెండు రకాల అంకెలుంటాయి. పోతలో ఉబ్బెత్తుగా వచ్చినవి ఒక రకం, పంచ్‌తో లోపలికి దిగినవి ఇంకో రకం. ఉబ్బెత్తు అంకె అచ్చు నంబరు. ఒకే అచ్చులో పోసిన వేల బ్లాకుల మీద అదే ఉంటుంది. పంచ్ కొట్టింది ఆ ఒక్క ఇంజన్‌కే చెందిన నంబరు. పాత కాగితాల్లో ఎవరో ఉబ్బెత్తు అంకెనే ఇంజన్ నంబరుగా రాసేసిన సందర్భాలూ ఉంటాయి, అదీ గమనించాలి.

బ్లాకు పక్క గోడ మీద జిడ్డు కడిగితే ఉబ్బెత్తు అంకె బయటపడుతుంది. 638632 అయితే యుద్ధకాలపు బ్లాకు, యుద్ధం ముగిసిన కొత్తలో మొదటి సీజే 2ఎ బళ్లకూ ఇదే వాడారు. 641087 అయితే ఆ తర్వాతిది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. ముందు కవర్ విప్పే అవకాశం దొరికితే ఇంకో గుర్తు ఉంది. యుద్ధకాలపు ఇంజన్లో వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్టును చైన్ తిప్పుతుంది, సీజే 2ఎ కాలంలోనే పళ్ల చక్రాలకు మార్చారు. చైన్ కనబడితే తొలి ఇంజన్, పళ్ల చక్రాలు కనబడితే మిలిటరీ కాలానిది కాదు. చైన్ సాగిపోయి కవర్‌ను గీరిన గీతలున్నా కంగారు పడకండి, చైన్ కొత్తది దొరుకుతుంది.

ఇక పంచ్ నంబరు. బ్లాకు కుడి పక్కన, ముందు భాగంలో పై మూలన, నున్నగా చెక్కిన చిన్న చదును ఉంటుంది. ఆయిల్ ఫిల్టరు అడ్డం వస్తే అద్దం పెట్టి చూడాలి. ఎంబీ అక్షరాలతో మొదలైతే విల్లీస్ యుద్ధకాలపు ఇంజన్. జీపీడబ్ల్యూ అయితే ఫోర్డ్. ఉత్త జే అయితే సీజే 2ఎ, 3జే అయితే సీజే 3ఎ, 4జే అయితే ఎఫ్ హెడ్. ఎంసీ అని ఉంటే కొరియా యుద్ధకాలపు ఎం 38ది. అదీ మిలిటరీదే, కానీ ఎంబీ కాదు.

నంబరు చదివే పద్ధతి ఇది. కిరసనాయిలుతో తడిపి పావుగంట ఆగండి. బ్రష్‌తో ఒకే దిశలో రుద్ది గుడ్డతో ఆరబెట్టండి. సుద్దముక్క అడ్డంగా రాసి వేలితో తుడిస్తే గుంటల్లో తెలుపు నిలిచి అంకెలు తేలతాయి. టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి, దాదాపు ఇనుముకు ఆనించి పట్టి ఫోటో తీయండి. చివరగా కాగితం పరిచి పెన్సిల్‌తో అచ్చు తీసుకోండి. ఫోటోలో అంకె సైజు మోసం చేయొచ్చు, కాగితం మీది అచ్చు అసలు సైజులో ఉంటుంది.

ఆ అచ్చు చేతిలో పెట్టుకుని ఇనుము మీద మూడు సంగతులు చూడాలి. చెక్కిన చదును మీద ఫ్యాక్టరీ మిషన్ వదిలిన సన్నటి సమాంతర గీతలున్నాయా? అవి లేకుండా అద్దంలా మెరుస్తుంటే ఎవరో అరగదీశారు. చదును చుట్టూ ఉన్న పోత కంటే పల్లంలో, ఒక పక్కకు వాలి ఉందా? అదీ అరగదీతే. అంకెల గుంటల్లోపలి రంగు చుట్టూ ఉన్న ఇనుము రంగుతో కలుస్తోందా? 80 ఏళ్ల గుంట అడుగున నల్లటి చిలుము ఉంటుంది, నిన్న కొట్టిన గుంట అడుగు తెల్లగా ఉంటుంది. వరస కాస్త వంకరగా ఉండటం మాత్రం నేరం కాదు. అప్పట్లో చేత్తోనే కొట్టారు.

ఇంజన్, చాసీ నంబర్లు ఒకటే కావాలా? ఫోర్డ్ బళ్లకు ఫ్యాక్టరీలో రెండింటికీ ఒకే నంబరు వేశారు. రెండూ కలిసిన జీపీడబ్ల్యూ దొరికితే అది మూడో రకం ఒరిజినల్. విల్లీస్ బళ్లకు మొదటి నుంచీ వేర్వేరు నంబర్లే. కాబట్టి "ఇంజన్ నంబరూ చాసీ నంబరూ ఒకటే సార్" అంటూ విల్లీస్ ఎంబీ చూపిస్తే, సంతోషించే ముందు ఆ రెండూ ఎవరు కొట్టారో ఆలోచించండి. మన బ్రోకర్లకు అన్నిటికంటే తక్కువ తెలిసింది ఈ ఒక్క సంగతే.

విల్లీస్ చాసీలో ఫోర్డ్ ఇంజన్ ఉంటే అది మోసం కాదు. యుద్ధంలో మరమ్మతు షెడ్లలో ఏది చేతికొస్తే అది ఎక్కించారు. కాలం సరిపోయింది, బండితో పుట్టింది మాత్రం కాదు. ధర దానికి తగ్గట్టు ఉండాలి.

నంబరు బాగుండి బ్లాకు పగిలితే ఉపయోగం లేదు. ఈ ఇంజన్లో పగుళ్లు వచ్చేది సైలెన్సర్ వాల్వు సీటుకూ సిలిండర్ బోరుకూ మధ్య సన్నటి గోడలో. కనిగిరి, మార్కాపురం వైపు బోరునీళ్లు పోసి నడిపిన బళ్లలో ఇది మరీ ఎక్కువ. ఆ గట్టి నీళ్లకు బ్లాకు లోపలి నీటిదారుల్లో తెల్లటి పొక్కు కడుతుంది, వెనక సిలిండర్లకు నీళ్లు సరిగా అందవు, వేడి అక్కడే నిలిచి గోడ చీలుతుంది. రేడియేటర్ మూత తీసి వేలు పెట్టి లోపల గీకండి. సున్నంలా రాలితే హెడ్ విప్పకుండా డబ్బులివ్వొద్దు.

కంప్రెషన్, అంటే సిలిండర్లలో ఒత్తిడి చూసేటప్పుడు ఇంజన్ వేడెక్కించి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ తిప్పండి. మంచి ఇంజన్ చదరపు అంగుళానికి 100 నుంచి 110 పౌండ్ల దగ్గర నిలుస్తుంది. ఈ ఇంజన్ కంప్రెషన్ నిష్పత్తి 6.48 మాత్రమే, ఈనాటి కార్ల అంకెలు దీని దగ్గర ఆశించకూడదు. నాలుగింటి మధ్య తేడా 10 పౌండ్లు దాటితే తక్కువున్న దాంట్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి పడిపోతే వాటి మధ్య గాస్కెట్ పోయింది, లేదా చీలిక.

గేర్ బాక్స్, ఆక్సిళ్లు

గేర్ పెట్టె పోతలో టీ 84 అని ఉంటే మిలిటరీ కాలపుది, టీ 90 అని ఉంటే సీజేలది. టీ 90 గట్టిది, అందుకే చాలామంది కావాలనే మార్చుకున్నారు. నడుపుకోవడానికైతే అదే మేలు.

వెనక ఆక్సిల్ చూడ్డానికి ఏదీ విప్పనక్కర్లేదు. చక్రం మధ్యలో హబ్ బయటికి పొడుచుకొచ్చి, దాని ముఖానికి 6 బోల్టులతో బిళ్ల బిగించి ఉంటే ఫుల్ ఫ్లోటింగ్, మిలిటరీది. చిన్న మూత కింద కాటర్ పిన్నుతో ఒకే పెద్ద నట్టు ఉంటే సెమీ ఫ్లోటింగ్, సీజేది. యుద్ధం తర్వాత మొదటి కొద్ది సీజే 2ఎ బళ్లకు మాత్రం పాత రకమే వచ్చింది.

ఆక్సిల్ లోపలి పళ్ల చక్రాల, అంటే క్రౌన్, పినియన్ల లెక్క కూడా బయటి నుంచే తేలుతుంది. మిలిటరీది 8 పళ్లకు 39, అంటే 4.88. సీజేది 8కి 43, అంటే 5.38. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందు చక్రాలకు రాళ్లు వేసి, వెనక ఒక్క చక్రమే జాకీ ఎత్తండి. ఆక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు మీద సుద్దగీత పెట్టండి. ఎత్తిన చక్రాన్ని 20 చుట్లు తిప్పుతూ షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో ఇంకొకరు లెక్కపెట్టాలి. 49కి కాస్త తక్కువ వస్తే 4.88, 54కి కాస్త తక్కువ వస్తే 5.38. రెండో చక్రం నేల మీదే ఉంది కాబట్టి ఈ లెక్క సగానికి వస్తుంది, అంకె చూసి అయోమయపడొద్దు. ముందు ఆక్సిల్‌కూ ఇలాగే చేయండి. ముందొకటి వెనకొకటి అయితే, నాలుగు చక్రాల గేరు వేసిన రోజున, ముందు వెనక ఆక్సిళ్లకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ పెట్టె పళ్లు రాలతాయి. అతుకుల బళ్లలో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే.

చక్రాల డిస్కు రెండు ముక్కలుగా ఉండి చుట్టూ నట్లు బిగించి ఉంటే అది యుద్ధకాలపు రిమ్మే. గాలి ఉండగా ఆ నట్లు ముట్టుకోకూడదు, ముక్క ఎగిరి ప్రాణం పోతుంది. పంక్చర్ కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పండి.

చిన్న సామాను

కరెంటు 6 వోల్టులు. ఇప్పుడు చాలా బళ్లు 12కి మార్చి ఉంటాయి. బ్యాటరీ చూసి నిర్ణయించొద్దు, డైనమో, సెల్ఫ్ మీద రేకులు చదవండి. పాత 6 వోల్టుల సెల్ఫ్‌కే 12 ఇచ్చి నడిపితే ఫ్లైవీల్ పళ్లు దెబ్బతింటాయి. అసలు ఫ్లైవీల్‌కు 97 పళ్లు, క్లచ్ విప్పిన రోజున లెక్కపెట్టుకోండి. కార్బరేటర్ కార్టర్ డబ్ల్యూఓ రకం ఉండాలి, మన దగ్గర చాలావాటికి సోలెక్స్ కనబడుతుంది. ఇవన్నీ తర్వాత సంపాదించుకోగలిగినవే, వీటి కోసం మంచి చాసీ వదులుకోవద్దు.

ఫోర్డ్ వాళ్లు తమ బోల్టుల తలల మీదా, సామాను మీదా ఎఫ్ అక్షరం వేశారు. ఇప్పుడు కొత్తగా చేసే బోల్టుల మీద కూడా ఆ ఎఫ్ వేస్తున్నారు. తళతళలాడే ఎఫ్ బోల్టు నాలుగు రూపాయల సాక్ష్యం, పెద్ద పోత మీది ఎఫ్ అయితే నమ్మొచ్చు. డాష్‌బోర్డు మీది సమాచార రేకులదీ ఇదే కథ. ఎన్ని కావాలంటే అన్ని కొత్తవి దొరుకుతాయి.

బాడీ

ముందు జాలీకి 9 గాట్లుంటే మిలిటరీ, 7 ఉంటే సీజే. విల్లీస్ మొదటి బళ్లకు మాత్రం ఇనుప పట్టీలు వెల్డ్ చేసిన జాలీ ఉండేది. మిలిటరీ హెడ్‌లైట్లు జాలీ వెనక మడత బందు మీద ఉంటాయి, రాత్రిపూట ఇంజన్ చూసుకోవడానికి వెనక్కి తిప్పుకోవచ్చు. వెనక తలుపు ఉండదు, స్పేర్ చక్రం అక్కడే. వెనక రెండు మూలలా సామాను పెట్టెలుంటాయి. జనాన్ని ఎక్కించుకునే సర్వీసు జీపుగా తిరిగిన బండి అయితే బెంచీల కోసం ఆ పెట్టెలను ఏనాడో కోసేసి ఉంటారు.

కొత్తపట్నం, సింగరాయకొండ, కృష్ణపట్నం వైపు ఉప్పుగాలిలో ఉన్న బండికి, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండికి నేల రేకు కింద పట్టీలు ముందు పోతాయి. మిలిటరీ బాడీలో ఆ పట్టీల లోపల చెక్క పెట్టారు. అది తడి పీల్చుకుని రేకును లోపలి నుంచి తినేస్తుంది. తుప్పు కన్నంలో స్క్రూడ్రైవర్ దింపితే కుళ్లిన చెక్కపొట్టు వస్తే బాధపడుతూనే సంతోషించాలి, ఆ నేల అసలుదే. డ్రైవరు సీటు కింద పెట్రోలు ట్యాంకు కూర్చునే గుంట, సామాను పెట్టెల అడుగు కూడా చూడండి. పలచటి కాగితం అడ్డం పెట్టి అయస్కాంతం ఆనించుకుంటూ పోండి, జారిపోయిన చోటల్లా పుట్టీ.

కాగితాలు

ఆర్‌సీలో ఉన్న రెండు నంబర్లను మీ పెన్సిల్ అచ్చులతో అక్షరం అక్షరం పోల్చండి. నెల్లూరు ఏపీ 26, ప్రకాశం ఏపీ 27 నంబర్లు 1989 తర్వాతి పద్ధతి. పాత బండికి ఆ నంబరుందంటే మధ్యలో మళ్లీ రిజిస్టర్ చేశారు, మొదటి రిజిస్ట్రేషన్ తేదీ ఏ కాగితంలో ఉందో అడగండి. 1953కి ముందు నెల్లూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది, ప్రకాశం జిల్లా 1970లో గానీ ఏర్పడలేదు. కాబట్టి నిజంగా పాత కాగితమైతే మద్రాసు ముద్ర ఉండటం సహజం.

మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000, గడువు 10 ఏళ్లు. చాసీ, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు ఉండకూడదన్నది షరతు, రోజువారీ వాడకానికీ కిరాయికీ పనికిరాదు. డీజిల్ ఎక్కించిన బండికి ఈ దారి కష్టం.

ఇంజన్ నంబరు ఆర్‌సీతో కలవకపోతే, మార్చిన ఇంజన్‌ను ఆర్‌సీలో ఎక్కించే పని అమ్మేవాడి పేరు మీద ఉండగానే పూర్తి చేయించండి. చాసీ నంబరే కలవకపోతే ఏ రేటుకిచ్చినా తీసుకోవద్దు. బయానా ఇచ్చేటప్పుడు రసీదు మీద రెండు నంబర్లూ రాయించి, పెన్సిల్ అచ్చు కాగితాల మీద కూడా అమ్మేవాడి సంతకం పెట్టించుకోండి. బండి ఇంటికి వచ్చేలోపు ఇంజన్ మారిపోవడం కూడా ఉంది.